తిన్నది దాచుకునే చేప

మా మేనమామ నంద్యాల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నంద్యాల పోయి, ఐసులో పెట్టిన సముద్రపు చేప కొనుక్కొచ్చి, ఆళ్లగడ్డ ఇంట్లో మా అత్త ముందు పడేసేవాడు. పులుసు కంచంలో పడగానే పాఠం మొదలయ్యేది. ముక్కను రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకునేవాడు.

"చెరువు చేప ఒంటికి కావాల్సిన మంచి కొవ్వు కొంత తనే చేసుకుంటాది. దీనికి చేతగాదు. తినే తిండిలోనే దొరుకుతాది గదా, ఇంగ చేసుకునే పనేముంది? అందుకే తిన్నదాన్ని పోనీదు. ఒంట్లో దాచుకుంటాది."

అత్త గరిటె పట్టుకుని నిలబడి వినేది. ఎన్ని ఆదివారాలు విన్నదో. ఆమె కూర్చుని తినడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

పోయిన నెల అత్త చనిపోయింది. దినాల నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెడతాం. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టరు. అత్త చెల్లెలు వచ్చి మామను అడిగింది.

"బావా, అక్కకు ఏమిష్టమో చెప్పు, వండుతాం."

మామ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమోమ్మా. నాకు ఇష్టమైందే వండేది."

ఇన్నేళ్లు ఆమె చేతి కూడు తిన్నాడు. గంజి కాచుకోవడమైనా నేర్వలేదు, సరే. పెట్టిన మనిషిని గురించి ఒక్క సంగతైనా లోపల దాచుకోలేదు. సముద్రపు చేపే నయం.

చివరికి ఆ చేపల పులుసే వండి ఆకులో పెట్టాం. ఎండ ముదిరింది. ఒక్క కాకీ రాలేదు. మామ కుర్చీలోంచి ఆకాశం వైపు చూసి విసుక్కున్నాడు.

"యాడ చచ్చినాయప్పా ఈ కాకులు? ఆకలైతాంది."