లప్పం కింద రేకు

మా తాత దేన్నయినా ముందు వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. నీళ్ల డ్రమ్ము, గుమ్మడికాయ, కొత్తగా కొన్న బీరువా, అద్దెకు చూడబోయిన ఇంటి గోడ, అన్నీ ఆ పరీక్ష దాటి రావలసినవే. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మనవరాలినని చూడకుండా నా నడినెత్తిన కూడా రెండు కొట్టి, చెవి ఆనించి విని, లోపల చోటు చాలా ఉందని తేల్చాడు. ఆ తరువాత నేను చదువు జోలికి పోలేదు. వీధి చివర సెల్‌ఫోన్ల కొట్టులో కూర్చుంటాను. అక్కడ బేరాలు లేనప్పుడల్లా తాత షెడ్డులో ఉంటాను, అంటే చాలావరకు షెడ్డులోనే.

తాత రేకు మేస్త్రి. గుద్దుకున్న కార్ల సొట్టలు తీయడం ఆయన పని. నలిగిన రేకు వెనక ఇనుపదిమ్మ ఆనించి, ముందునుంచి సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ పాత ఒంపుకు తెచ్చేవాడు. ఈ పని చేతకానివాళ్లు సొట్టలో లప్పం నింపి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పైన రంగు కొట్టి పంపిస్తారు. పైకి తేడా తెలియదు. అందుకే పాత కారు కొనబోయేవాళ్లు గుడ్డలో చుట్టిన అయస్కాంతం వెంట తెచ్చుకుంటారు. రేకుంటే అతుక్కుంటుంది, లప్పముంటే జారిపోతుంది. తాతకు ఆ అయస్కాంతాన్ని చూస్తే ఒళ్లు మంట. అది చెవులు లేనివాళ్ల వస్తువు అనేవాడు. రేకు కంగుమంటుంది, లప్పం దబ్బుమంటుంది, ఆ మాత్రం తెలియనివాడికి కారెందుకని ఆయన వాదన.

కానీ రోజులు మారాయి. ఇప్పుడు తలుపుకు సొట్ట పడితే తలుపే పీకేసి కొత్తది బిగిస్తున్నారు. షెడ్డుకు వచ్చే బండ్లు తగ్గిపోయాయి. తాత పొద్దున్నే వెళ్లి, సుత్తులన్నీ తుడిచి, వరసగా పెట్టి, మళ్లీ తుడిచి ఇంటికి వచ్చేవాడు. షెడ్డు మామయ్య పేరున ఉంది. మామయ్య గోదాములో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా నలగకుండా బతకడం ఆయన జీవితాశయం. టైర్ల వ్యాపారి ఒకాయన ఆ షెడ్డు తనకిమ్మని మామయ్య వెంటపడుతున్నాడు. ఒకరోజు మామయ్య వచ్చి, వర్షాలు వెళ్లేలోగా ఈ షెడ్డులో ఒక్క కారైనా తాత చేతిమీద పూర్తిగా తయారై నిలబడితే సరే, లేకపోతే టైర్లాయనకు మాట ఇచ్చేస్తానని చెప్పాడు.

షెడ్డు పోతే తాత ఇంట్లో కూర్చోవాలి. మాకున్నవి రెండు గదులు. వాటిలో మగవాడు పగటిపూట కూర్చునే చోటు అమ్మమ్మ ఏనాడూ మిగల్చలేదు. సెలవురోజున గంటసేపు ఉంటేనే ఆయన గోడలు కొట్టి చూస్తూ తిరిగేవాడు, ఆమె వెనకాలే తిరుగుతూ తుడిచేది. కానీ అసలు భయం అది కాదు. పని చేయని రోజున తాత అన్నం సగం వదిలేసేవాడు. అది మా అందరికీ తెలుసు, మామయ్యకు తప్ప.

అలాంటప్పుడు తుక్కు వ్యాపారి దగ్గర జపాన్ స్పోర్ట్స్ కారు ఒకటి ఉందని తెలిసింది. మా అమ్మ పుట్టకముందు తయారైన బండి. రెండే తలుపులు, పొడుగాటి బానెట్, వెనక వాలుగా దిగిపోయే అద్దం. వయసులో ఉన్నప్పుడు ఇలాంటి కారు ఒకటి రోడ్డు మీద ఆగితే, దానితో పాటు తానూ అరపూట నిలబడిపోయానని తాత చెప్పాడు. దాన్ని మళ్లీ పుట్టినట్టు చేస్తే, పాత కార్ల పిచ్చివాళ్లందరూ తమ బండ్లు తెచ్చి షెడ్డు ముందు వరస కడతారన్నది ఆయన ఆలోచన.

నేనూ వెంట వెళ్లాను. కారు ఎర్రగా నిగనిగలాడుతోంది. తాత చుట్టూ తిరిగి వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. మామూలుగా నాలుగు దెబ్బల్లో తేల్చేసేవాడు, ఆ రోజు చాలాసేపు కొట్టాడు. కొట్టినచోటే మళ్లీ కొట్టాడు. చెవి రేకుకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. వ్యాపారి ఏదో అడిగితే రెండుసార్లు "ఆఁ?" అన్నాడు. పాత కారు చూసిన మైకం అనుకున్నాను. చివరికి తలూపాడు. కారుకు బదులుగా మా వ్యాను ఇచ్చేశాడు. తుక్కుగా కొని, తన చేతులతో బాగుచేసుకుని, మమ్మల్నందర్నీ మోసిన వ్యాను. తాళం చెవి ఇస్తూ దాని కప్పు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు.

స్పోర్ట్స్ కారును లారీ మీద తెచ్చి దించితే అమ్మమ్మ నడుం మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమయ్యా, ఇది తోలేదా, తోసేదా?"

తాత నవ్వి, అలాగే అన్నాడు. ఆమె దానికి పొడుగుముక్కుది అని పేరు పెట్టింది. వ్యాను లేదు కాబట్టి ఇక కూరగాయల సంచులు నడిచే మోసుకు రావాలి కదా, వచ్చిన ప్రతిసారీ సంచి దించుకుని దాన్ని నాలుగు మాటలు అనేది.

రంగు గీకడం మొదలుపెట్టిన రోజునే వెనక చక్రం పైభాగంలో లప్పం బయటపడింది. ఇక్కడ ఒక్కచోటే అన్నాడు తాత. మర్నాడు తలుపు కింద అంచు గీకితే అదీ లప్పమే. ఇక్కడా అక్కడా అన్నాడు. వారం తిరిగేసరికి 'ఇక్కడ' అన్నమాట మానేశాడు. లప్పం ఊరికే నిలబడదు కదా, దానికి లోపల గోనెగుడ్డ, జల్లెడ వల, మడతపెట్టిన పాత పేపరు కుక్కారు. ఒక పేపరు విప్పి చదివాను. ఉద్యోగ ప్రకటనల పేజీ. ఈ ఉద్యోగాల్లో చేరినవాళ్లందరూ ఈపాటికి రిటైరై ఉంటారన్నాను. తాత నవ్వలేదు. నా మీద కోపమనుకుని కాసేపు మూతి ముడుచుకుని కూర్చున్నాను.

కింద పరిచిన రబ్బరు చాప లేపితే అసలు నేలే లేదు. తుప్పు పట్టి, పొరలు పొరలుగా ఊడి, చేత్తో పట్టుకుంటే పొడైపోయింది. ఉన్న రేకు కూడా అతుకు వేద్దామని మంట పెడితే అంచులు కరిగి కన్నం పెద్దదైపోతోంది. ఒకచోట అతికితే రెండుచోట్ల ఊడుతోంది. తాత మాట్లాడడం తగ్గించాడు. ఇంట్లో కంచం ముందు కూర్చుని, మెతుకులు అటూ ఇటూ జరిపి లేచిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం వాన కురుస్తుంటే అమ్మమ్మ, నేను తడుస్తూ షెడ్డుకు వెళ్లాం. తాత కారులో కూర్చుని ఉన్నాడు. సీటు లేదు, బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. నేల లేదు కాబట్టి ఆయన కాళ్లు కన్నంలోంచి దిగి షెడ్డు గచ్చు మీద ఉన్నాయి. దీనికి పెట్రోలు అక్కర్లేదు, నడుచుకుంటూ పోవచ్చని అమ్మమ్మ మొదలుపెట్టింది గానీ, ఆయన మొహం చూసి మధ్యలో ఆపేసింది. సంచి కింద పెట్టి తలుపు దగ్గరకు వెళ్లి నిలబడింది.

"కొట్టి చూశానే," అన్నాడు తాత. "చుట్టూ కొట్టాను. నాకేమీ వినపడలేదు."

"వినపడనప్పుడు ఎందుకు కొన్నావు?"

ఆయన ఆమె పెదాల వంక చూశాడు. ఆమె వంగి, చెవి దగ్గర మళ్లీ అడిగింది.

"చెడ్డ చప్పుడైతే మాత్రం వినపడదా అనుకున్నాను."

అమ్మమ్మ కొంగుతో ఆయన నెత్తిమీది తుప్పు దులుపుతూ, ఆ చెవిలోనే చెప్పింది. "ఏడాదై తెలుసు నాకు. నువ్వు అటు తిరిగి ఉన్నప్పుడు నోటికొచ్చినట్టు తిట్టి చూశాను. నువ్వేమో 'అలాగే, వస్తూ వస్తూ తెస్తాను' అన్నావు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెబుతావని."

"చెబితే మన కొడుకు ఆ పూటే షెడ్డుకు తాళం వేస్తాడు. చెవుల్లేని రేకు మేస్త్రిని ఎవడు ఉంచుకుంటాడే?"

ముప్పై ఏళ్ల సుత్తి చప్పుడు ఆయన చెవులను లోపలినుంచి కొద్దికొద్దిగా తినేసింది. అమ్మమ్మ గొంతు సహజంగానే వీధి దాటి వినిపించేది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. నా ఉద్యోగ ప్రకటనల హాస్యానికి ఆయన నవ్వనిది కూడా కోపంతో కాదు, వినపడకనని అప్పుడు అర్థమయింది.

ఆ రోజునుంచి అమ్మమ్మ కూరగాయలు షెడ్డులోనే కూర్చుని తరిగేది. ఎవరైనా వస్తే వాళ్ల వెనక నిలబడి, వాళ్లన్న మాటే పెదాలతో తాతకు అందించేది. వచ్చినవాళ్లు ఈ ముసలావిడకు తనలో తాను మాట్లాడుకునే జబ్బు ఉందనుకున్నారు. తాత కొత్త రేకు తెప్పించి, కత్తిరించి, కుడివైపు నేల మొత్తం వేశాడు. కుడి తలుపు కింద దూలం కూడా వేశాడు. చేతులు వాచిపోయాయి. ఎడమవైపు మాత్రం అలాగే ఉండిపోయింది, ఎముకలు తీసేసిన మనిషిలా. వానలు పలచబడ్డాయి. మామయ్య ఆదివారం వస్తానని కబురు పంపాడు.

శనివారం తాత నన్ను పిలిచి లప్పం తెమ్మన్నాడు. పెద్ద డబ్బా తెమ్మన్నాడు. ఆయన నోటివెంట ఆ మాట వినడం నాకదే మొదలు. తెచ్చాను. చెక్క మీద లప్పం వేసి, గట్టిపడే మందు కలిపి, లప్పం పూసే పలకతో మెదిపాడు. ఎడమవైపు మీద పూసేసి, రుద్ది, ఎర్రరంగు కొడితే సాయంత్రానికి కారు తయారైపోతుంది. మామయ్యకు రేకుకూ లప్పానికీ తేడా తెలియదు. షెడ్డు దక్కుతుంది.

తాత పలక పట్టుకుని కారు ముందు నిలబడ్డాడు. అలాగే ఉండిపోయాడు. అమ్మమ్మ తరగడం ఆపి చూస్తోంది. చూస్తుండగానే చెక్క మీద లప్పం రాయిలా బిగిసిపోయింది. దాన్ని గోడకు కొట్టి ఊడగొట్టి, మళ్లీ కలిపాడు. మళ్లీ నిలబడ్డాడు. అదీ బిగిసిపోయింది.

పక్కకు జరుగు, నేను పూస్తానని ఆయన చేతిలోంచి పలక లాక్కుని ముందుకు వెళ్లాను. నిజంగానే పూసేదాన్ని. ఆయన నా చేతిలోంచి పలక తీసుకుని, డబ్బాకు మూత పెట్టి, దాని మీద కూర్చున్నాడు. పెద్దవాడు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. తనకు వినపడదు కాబట్టి చప్పుడు లేకుండానే ఏడుస్తున్నాననుకున్నాడు.

ఆదివారం మామయ్య వచ్చి, షెడ్డు గుమ్మంలో చెప్పులు విడవాలా వద్దా అని ఆలోచిస్తుండగానే తాత ఎదురెళ్లాడు. చెవుడున్నవాళ్లు మాట్లాడినట్టు వీధంతా వినపడేలా మాట్లాడాడు.

"ఒరేయ్, కారు కాలేదు. సగం కారుకు రేకే లేదు. కొన్నప్పుడే లేదు. నాకు చెవులు పోయాయి, అందుకని తెలియలేదు. ఇదీ సంగతి."

ఎదుటి షెడ్లలోని మెకానిక్కులు పని ఆపేశారు. మామయ్య రంగు మారిపోయింది. ఆయన అమ్మమ్మ వంక చూశాడు. నీకు ముందే తెలుసా అన్నట్టు చూశాడు. తరువాత తల దించుకుని మెల్లగా అన్నాడు.

"షెడ్డుకు మాట ఇచ్చేశాను, నాన్నా."

"ఆఁ?"

"టైర్లాయనకు మాట ఇచ్చేశాను." కొంచెం గట్టిగా.

తాత చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. మూడోసారి అరిస్తే గానీ వినపడదు. మామయ్య నోరు తెరిచాడు. ఎదుటి షెడ్లలోంచి జనం చూస్తున్నారు. నోరు మూసుకుని, అమ్మ కొంగు పట్టుకునే వయసువాడిలా అమ్మమ్మవైపు తిరిగాడు.

అమ్మమ్మ చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వెళ్లి, తాత చెవిలో చెప్పింది. ఎప్పుడూ వీధి చివరిదాకా వినిపించే గొంతు, పక్కనే ఉన్న నాకు కూడా వినపడలేదు. తాత నేలవైపు చూస్తూ అంతా విన్నాడు.

"ఎప్పటిదాకా?" అన్నాడు.

నెలాఖరని ఆమె చెప్పింది.

తాత వెళ్లి ఎడమవైపు కన్నాన్ని మూరతో కొలిచాడు. మూలనున్న కొత్త రేకు తీసి, దానికి అడ్డంగా పెట్టి చూశాడు. షెడ్డు పోయాక ఆ కారును ఎక్కడ ఉంచుతాడో, ఎలా కదిలిస్తాడో ఎవరమూ అడగలేదు.

"అలా నిలబడతావేంరా," అన్నాడు మామయ్యతో. "కిందికి దూరి ఆ అంచు పట్టుకో. కదపకు."

మామయ్య ఇస్త్రీ చొక్కాతోనే కారు కిందికి దూరి, రెండు చేతులతో రేకు అంచు పట్టుకున్నాడు. తాత కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి దెబ్బకూ లోపలినుంచి తుప్పు రాలి మామయ్య మొహం మీద పడుతోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు గానీ చేతులు తీయలేదు.