గిద్దలూరు బజారులో చిచ్చా కుళాయి

పోయిన శుక్రవారం మా పక్కింటి చిచ్చా చనిపోయారు. గిద్దలూరు స్టేషన్ బజారులో మార్కాపురం పలకలు అమ్మిన మనిషి. మా నాయనను అన్నా అనేవారు, అందుకే మాకు ఆయన చిచ్చా, అంటే చిన్నాయన. ఆ పిలుపుకు పలికే గొంతు ఇక లేదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

వయసులో ఉండగా మద్రాసులో ఓడెక్కి, వంటపని చేస్తూ దేశాలు తిరిగారు. చెప్పేది మాత్రం ఒక్క కథే. స్వీడన్‌లో ఓ పట్నం నడిబొడ్డున, చౌకులో, పాతకాలపు ఫౌంటెన్ ఉందట. రాతి సింహాల నోళ్లలోంచి పెద్ద తొట్టిలోకి నీళ్లు పడతాయట. ఈయన మసీదులో నమాజుకు ముందు కడుక్కునే హౌజు దగ్గర కూర్చున్నట్టే దాని గట్టున కూర్చుని కాళ్లూ చేతులూ కడగడం మొదలుపెట్టారు. జనం మూగారు. పోలీసు వచ్చాడు.

"సింహాలను చూసైనా అది మసీదు కాదని తెలీలేదా చిచ్చా?" అని ఏడిపించేవాణ్ణి.

"నమాజుకు పొద్దు మించిపోతాండె బేటా. పోలీసాయన నేను కాళ్లు కడుక్కునేదాంక ఊరికే నిలబడినాడు. పక్కన తాగేనీళ్ల గొట్టం చూపించినాడు. ముందు ఆయన తాగినాడు, తర్వాత నన్ను తాగమన్నాడు. ఏ కులపోనివని అడగలా."

ఆ మాట దగ్గర ఆయన నవ్వు ఆగిపోయేది. మన బజారులో కొందరికి చెంబు తగలకుండా పైనుంచి దోసిట్లో నీళ్లు పోయడమే వాడుక. చిచ్చాకు అది చేతకాలేదు. దుకాణం ముందు ఎత్తు మీద రాతి తొట్టి కట్టించి, ఇత్తడి కుళాయి బిగించారు. పొద్దున్నే పక్కనున్న బావి నీళ్లు తోడి తానే నింపేవారు. ఎవరైనా తిప్పుకుని తాగొచ్చు. అది గిట్టక కొందరు దుకాణానికి రావడమే మానేశారు.

నాయన మానలేదు. రోజూ వచ్చి కబుర్లాడేవాడు, కానీ ఇంట్లో నీళ్లు తాగే బయలుదేరేవాడు. ఆయన చేత ఆ కుళాయి నీళ్లు తాగించాలని చిచ్చా ఆశ.

"దప్పిక కాలేదా అన్నా?"

"ఇప్పుడే తాగొచ్చినాలే."

"సరేలే, రేపు ఎండ ఇంకా ముదురుతాది," అని చిచ్చా నవ్వేవారు. ఏనాడూ కోపగించలేదు. అంత ఓర్పు నాకైతే రాదు.

ఆ శుక్రవారం చిచ్చాను మట్టిచేసి ఖబరస్తాన్ నుంచి వస్తూ నాయన మూసిన దుకాణం ముందు ఆగాడు. కుళాయి తిప్పాడు. నీళ్లు రాలేదు. నింపే మనిషి లేడు కదా. కండువా తలకు చుట్టుకుని, బావిలో చేద వేసి, తొట్టి నిండేదాకా తోడాడు. తర్వాత కుళాయి కింద దోసిలి పట్టి, వంగి, కడుపారా తాగాడు.

తడి మీసాలతో ఆ మూసిన తలుపుల వైపు చూసి, "దప్పికైంది తమ్ముడా," అన్నాడు.

కుళాయి కట్టేయడం మరిచిపోయాడు. నీళ్లు పడుతూనే ఉన్నాయి.