నుదుటి దాకా రాని చెయ్యి

2022 వేసవి. అట్లాంటాకు ఉత్తరాన అల్ఫారెట్టాలోని ఒక క్లినిక్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌గా నాకది పదకొండో ఏడు. జబ్బు తర్వాత మనిషి తన రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాధన చేయించడం మా పని. బొత్తాలు పెట్టుకోవడం, గరిటె పట్టుకోవడం, సంతకం చేయడం, ఇలాంటివి. ఆ రోజు రాబోయే పేషెంట్ల పేర్లు ఉదయం ప్రార్థనలో తలుచుకుని ఇంట్లోంచి బయలుదేరడం నా అలవాటు. ఆ వేసవిలో ఎక్కువసార్లు తలుచుకున్న పేరు నెస్టర్.

ఆయన ఫిలిప్పీన్స్ మనిషి, అరవై తొమ్మిదేళ్లు. ముప్పై ఏళ్లుగా తన ఇంటి గరాజ్‌లో ఎస్క్రిమా నేర్పుతున్నారు. అది వాళ్ల దేశపు కర్రసాము. స్ట్రోక్ వచ్చి కుడివైపు పడిపోయింది. కొన్ని నెలలకు నడక తిరిగొచ్చింది గాని చెయ్యి రాలేదు. ఆయన్ను కార్లో తీసుకొచ్చేది శిష్యురాలు స్రవంతి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నెల్లూరు అమ్మాయి. నన్ను మొదటి రోజే అక్కా అని పిలిచింది. ఆయన్ను మాత్రం వాళ్ల మాటలోనే ‘గురో’ అంటుంది.

ఆయన తొందర ఏమిటో ఆమే చెప్పింది. వాళ్ల పద్ధతిలో చివరి పరీక్షకు గురువే ఎదురుగా నిలబడి దెబ్బలు వేయాలి, శిష్యులు కాచుకోవాలి. దాన్ని ‘ఫీడ్’ చేయడం అంటారు. ఇంకెవరు వేసినా ఆ పరీక్ష చెల్లదు. స్రవంతి నెగ్గితే క్లాసు ఆమె చేతికొస్తుంది. తన చెయ్యి లేవకపోతే గరాజ్ మూసేస్తానని ఆయన అప్పటికే అందరికీ చెప్పేశారు. ఇన్సూరెన్స్ ఒప్పుకున్నవి పన్నెండు సెషన్లు.

పట్టు పెరగడానికి ఇచ్చే పుట్టీ అనే మెత్తటి ముద్ద పిసకమంటే అది మనవలకిమ్మన్నారు. అయితే మీ కర్రలే తెండి అన్నాను. మూడో సెషన్‌కి స్రవంతి నాలుగు పేము కర్రలు తెచ్చింది. చాలా విద్యల్లో ముందు వట్టి చేతులు, తర్వాత ఆయుధం. తమ దగ్గర ముందే కర్ర ఇస్తామని, కర్రతో వచ్చిన కదలికే తర్వాత వట్టి చేతికి వస్తుందని ఆయన వివరించారు. ‘సినవాలి’ అనే సాధనలో ఇద్దరూ రెండేసి కర్రలతో, చాప అల్లినట్టు ఒక వరసలో కొట్టుకుంటారు. నాకు ప్రాణం లేచొచ్చింది. బలమున్న చెయ్యి పక్కన బలం లేని చేతికి పని నేర్పడం మా వైద్యంలోనూ ఉంది.

కాని మొదలుపెట్టే ముందు ‘సలూడో’ ఉండాలి. కర్రను నుదుటికి, ఆ తర్వాత గుండెకు ఆనించడం. అది చేయకుండా ఎవరూ ఎవరి మీదా కర్ర ఎత్తరు. ఆయన కర్ర కిందికి పట్టుకుని నా వైపు చూస్తూ నిలబడ్డారు. మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. చెక్కకూ రాయికీ తల వంచకూడదని అక్షరాలకంటే ముందు నేర్చుకున్నదాన్ని. నా విశ్వాసం ఒప్పుకోదని మర్యాదగానే చెప్పాను. ఆయన కర్రలు బల్లమీద పెట్టేశారు.

కార్ దాకా వెళ్తూ స్రవంతి నన్ను ఆట పట్టించింది. “అక్కా, మేం దసరాకి ల్యాప్‌టాప్‌కి కూడా బొట్టు పెడతాం. రెండు సెకన్లు అడ్జస్ట్ చేసుకోలేరా?”

“నువ్వు పెట్టుకో తల్లీ. నా సంగతి వేరు.”

తర్వాతి రెండు సెషన్లూ పుట్టీతోనే గడిచాయి. ఆయన కిటికీ వైపు చూస్తూ పిసికారు. నేను ఉపవాసముండి ప్రార్థించాను, పాస్టర్‌గారిని అడిగాను. ఆయన నాకు బైబిల్లోని ఒక సేనాధిపతిని గుర్తుచేశారు. కుష్ఠు నయమైన ఆ మనిషి, తన రాజు తన చేతిమీద ఆనుకుని వేరే దేవుడి గుడిలో వంగినప్పుడు తానూ వంగవలసి వస్తుందని ప్రవక్తకు ముందే చెప్పుకున్నాడు. ప్రవక్త అతణ్ని తప్పుపట్టకుండా సమాధానంతోనే పంపాడు. “అతను దాచలేదమ్మా, అడిగాడు. నువ్వూ అడుగు,” అన్నారు పాస్టర్‌గారు.

ఆ సలూడోకు అర్థమేమిటని ఆరో సెషన్‌లో నెస్టర్‌నే అడిగాను. ఆయన నవ్వారు. నుదురంటే ఆలోచించే వచ్చానని, గుండె అంటే నీమీద కోపం లేదని. “కర్రకి మొక్కమని నిన్నెవరన్నారు? ఆదివారం చర్చిలో మాస్ తప్పని మనిషిని నేను.”

నాకు భారం దిగింది. కర్ర గుండెకు మాత్రమే ఆనిస్తానంటే సరేనన్నారు. గుండె దగ్గర పెట్టుకుని ఆయన కోసం ఎదురుచూశాను. ఆయన కర్ర తొడ పక్కనే ఉండిపోయింది.

“ముందు మీరే కదా గురో,” అంది స్రవంతి.

ఆయన ఎత్తబోయారు. భుజం చెవి వైపు ఎగిసింది, మోచెయ్యి పక్కటెముకల దగ్గరే ఆగిపోయింది, వేళ్లు వదులై కర్ర నేలమీద పడింది. తీయబోయిన స్రవంతిని ఎడమచేత్తో ఆపారు.

ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగాను.

“మొదటి రోజు నుంచీ. నువ్వు చేయనన్నావు చూడు, నాకు మేలైంది.”

ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది. మొదటి రోజు ఆయన పట్టు కొలిచాను, భుజం కొలిచాను. రెండూ కలిపి ఒక్కసారైనా చూడలేదు. కర్ర పట్టుకుంటే భుజం లేవడం లేదు, భుజం లేస్తే పట్టు జారుతోంది. అన్ని రోజులూ నేను నా నుదుటి గురించే మథనపడ్డాను. ఆయన చెయ్యి ఆయన నుదుటి దాకా రావడం లేదన్నది నాకు తట్టనే లేదు.

ఆ రోజే చార్ట్‌లో లక్ష్యం మార్చి రాశాను: కర్ర పట్టు వదలకుండా కుడిచేతిని నుదుటి దాకా తేవడం. ముందు వెల్లకిలా పడుకుని, తర్వాత బల్లమీద జార్చుతూ, ఆ తర్వాత కూర్చుని, మోచేతి కింద నా అరచెయ్యి పెట్టి. ఇంట్లో పళ్లు తోముకునే ముందు పది, తోముకున్నాక పది. స్రవంతి లెక్కపెడితే ఆయన తమ భాషలో తిట్టుకునేవారు, వెంటనే ఎడమచేత్తో సిలువ గుర్తు వేసుకునేవారు. ఎనిమిదో సెషన్‌కి కర్ర గుండెకు తగిలింది, పదో సెషన్‌కి గడ్డానికి. పదకొండోసారి నుదుటికి తగిలింది గాని, చెయ్యి చాలక ఆయనే తల కిందికి తెచ్చారు.

“తల వంచకండి. చెయ్యే పైకి రావాలి,” అన్నాను.

స్రవంతి పగలబడి నవ్వింది. “ఆ మాట మీరే చెప్పాలక్కా.”

పన్నెండో సెషన్‌లో తల నిటారుగా ఉంది. చెయ్యి మెల్లగా పైకి వెళ్లి నుదుటి మీద ఆగింది, అక్కడి నుంచి గుండెకు దిగింది. నేను నా కర్ర గుండెకు ఆనించాను. తర్వాత ఇద్దరం నెమ్మదిగా, తప్పులు చేస్తూ, సినవాలి మొదటి వరస పూర్తి చేశాం.

సెప్టెంబర్‌లో ఒక శనివారం పరీక్షకు నన్నూ పిలిచారు. ఆయన నాలుగు దెబ్బలు వేసి కుర్చీలో కూర్చునేవారు, ఊపిరి తీసుకుని మళ్లీ లేచేవారు. ఎడమచేత్తో వేయమని ఒక శిష్యుడు మెల్లగా అంటే వినిపించుకోలేదు. గంట పట్టింది. చివరి దెబ్బ కాచుకున్నాక స్రవంతి, ఫిలిప్పీన్స్‌లో పెద్దల దీవెన తీసుకునే పద్ధతిలో వంగి, ఆయన కుడిచేతిని తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. ఆయన జేబులోంచి గరాజ్ తాళంచెవి తీసి ఆమెకిచ్చారు.

అప్పటి నుంచి కొత్త పేషెంట్ ఎవరొచ్చినా, కొలతలు తీసే ముందు ఒకటి అడుగుతాను: పదిమంది ముందు ఏ పని చేయడం మానేశారు? జవాబు వెంటనే రాదు. వచ్చేదాకా కూర్చుంటాను. ఉదయం ప్రార్థనలోనూ ఒక మాట చేరింది. ప్రభువా, నా మనస్సాక్షిని కాపాడు. అది నా కళ్లకు అడ్డం రాకుండానూ చూడు.