పెల్వర్ బేలో ఆ అదనపు గంట

మెర్రిన్ టోల్‌హర్స్ట్‌కు ముక్కు మీదే కోపం. పెల్వర్ బేలో ఆల్చిప్పలు పెంచే వాళ్ళమంతా ఈ సంగతి ఒప్పుకుంటాం, ఆమె ఎదుట కాదనుకోండి. అయినా ఒకప్పుడు పొద్దున్నే లేచి మేమందరం చూసేది ఆమె లెక్కే. ఏ గంటకు ఆటు వచ్చి నీళ్ళు బాగా తీస్తాయో, చిప్పల బుట్టల దాకా ఎప్పుడు నడిచి వెళ్ళొచ్చో చెప్పే చిన్న ప్రోగ్రాం అది. యాభై దాటాక, ఎవరూ నేర్పకుండా, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసుకుంది. పక్కనే చిప్పలు పెంచే డూగల్ మెక్‌ఫీ అందులో ఓ చెయ్యి వేసేవాడు. ఈమె కాపీ పంపితే, అతను ఏవో దిద్ది మెయిల్లో తిప్పి పంపేవాడు.

రెండు వేసవుల కిందట ఆ లెక్క సరిగ్గా గంట తప్పింది. నీళ్ళింకా తీస్తున్నాయనుకుని మాతోపాటే చిప్పలు పెంచే ముసలి కోలిన్ ట్రాక్టరు బుట్టల దగ్గర ఆపి తాపీగా పని చేసుకుంటుంటే, పోటు వచ్చి ట్రాక్టరు ఇంజను దాకా ఎక్కింది. ఉప్పునీళ్ళు తాగిన ఇంజను మళ్ళీ లేవలేదు.

షెడ్డులో అందరి ముందూ మెర్రిన్ డూగల్ మీద విరుచుకుపడింది.

"బాగున్న లెక్కలో వేలెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

"ఆ గంట జోలికే పోలేదు నేను."

"నువ్వు పోకపోతే పోటే వచ్చి మార్చుకుందా?"

డూగల్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆనాటినుంచి రోడ్డు మీద ఎదురైతే పలకరింపుగా స్టీరింగు మీంచి ఒక్క వేలు కూడా ఎత్తలేదు. మా దగ్గర అంతకంటే పెద్ద కోపం లేదు. మేమూ ఆ లెక్కను నమ్మడం మానేసి గోడమీది ఆటుపోట్ల అచ్చు పట్టికకే తిరిగొచ్చాం.

మొన్న నవంబరులో సిగ్నెట్ ఊరి లైబ్రరీలో, ప్రోగ్రాముల్లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే గిట్‌హబ్‌ను మంగళవారాలు నేర్పుతున్నారని తెలిసి మెర్రిన్ వెళ్ళింది. లెక్కను మళ్ళీ బతికించాలని పైకి చెప్పుకున్నది. డూగల్ ఆ గంటను సరిగ్గా ఏ రోజు దూర్చాడా అని రెండేళ్ళుగా మనసులో తొలుస్తున్నది ఇంకొకటి. నేర్పేది సలోటె అనే టోంగా దీవుల ఆవిడ. మెర్రిన్ తెచ్చిన పెన్‌డ్రైవ్ తెరిచి ముక్కున వేలేసుకుంది. ముప్ఫయ్యొక్క కాపీలు! 'అల చివరిది', 'అల నిజంగా చివరిది', 'అల డూగల్ ముట్టుకున్నది'.

"ఇన్ని చివరివేంటండీ బాబూ! అసలు చివరిది ఏది?"

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తానమ్మా?"

సలోటె పగలబడి నవ్వింది. "ఇకమీదట ఒక్కటే ఫైలు. మార్చినప్పుడల్లా ఏం మార్చారో, ఎందుకో ఓ ముక్క రాసి కమిట్ చెయ్యండి, అంటే భద్రం చెయ్యండి. పాతవన్నీ దాని వెనకాలే వరసగా ఉంటాయి."

"మరి ఈ ముప్ఫయ్యొకటి?"

"తేదీ ప్రకారం ఒక్కోటీ ఎక్కించండి. ఎవరు చేసిన కాపీకి వాళ్ళ పేరే పెట్టాలి. సొంత కవిత్వం వద్దు."

మెర్రిన్ పాత మెయిళ్ళన్నీ తిరగేసింది. రెండు వారాలు పట్టింది. ఇదేదో పచ్చళ్ళ జాడీలకు చీటీలు అంటించే పనిలా ఉందే అనుకుంది గానీ, ఆపబుద్ధి కాలేదు. ఏ వేసవిలో ఏం తోచి ఏం మార్చిందో చూస్తుంటే తన బుర్ర తనకే వింతగా కనబడింది.

మూడో మంగళవారం సలోటె ఇంకో మీట చూపించింది. అది నొక్కితే ప్రతి వరస పక్కనా రాసినవాళ్ళ పేరూ, తేదీ కనిపిస్తాయి. మెర్రిన్ ఆత్రంగా గంట కలిపిన వరస దగ్గరికి వెళ్ళింది.

మెర్రిన్ టోల్‌హర్స్ట్. అక్టోబరు మొదటి ఆదివారం.

వేసవి కోసం మా దగ్గర గడియారాలు గంట ముందుకు జరిపే రోజు అది. కంప్యూటరే గంట జరుపుకుంటుందని తెలియక తానూ ఒకటి కలిపింది. ఆ పొద్దున రాత్రిబట్టల్లోనే కూర్చుని, ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోవడం కూడా గుర్తొచ్చింది. మర్నాటి డూగల్ కాపీలో మారింది ఒక్కటే: కోలిన్‌కు కనబడాలని అక్షరాలు పెద్దవి చేశాడు. మెర్రిన్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఇది చెరపొచ్చా?" అని మెల్లగా అడిగింది.

"ఇంకా ఎవరూ చూడలేదుగా. అంతా తీసేసి ఒక్క కొత్త కాపీతో మొదలెడితే పాతది ఎవరికీ తెలీదు."

మెర్రిన్ పాతవన్నీ అలాగే ఉంచింది. తరవాత ఆ అదనపు గంట తీసేసి, కింద ఇలా రాసింది: 'ఈ గంట కలిపింది నేను. కోలిన్ ట్రాక్టరు మునిగింది నా వల్ల. డూగల్ ముట్టుకోలేదు. అందరి ముందూ అన్నాను, అందరికీ కనబడేలా ఒప్పుకుంటున్నాను.' లింకు బేలో అందరికీ పంపింది. మార్పును మాత్రం తాను ఖాయం చెయ్యకుండా డూగల్ పరిశీలనకు పెట్టింది. అతను సరేనంటేనే లెక్కలో కలుస్తుంది.

నాలుగు రోజులు డూగల్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మెర్రిన్ వంట చేస్తూ చేస్తూ వచ్చి తెర చూసుకునేది. ఏమయిందని అడిగితే మా మీద కసురుకునేది.

ఐదో రోజు మార్పు ఖాయమైంది. దాని కింద డూగల్ రాత:

'గంట తీశావు, సరే. అక్షరాలు మాత్రం చిన్నవి చెయ్యకు, కోలిన్ తిడతాడు. శుక్రవారం పదకొండుంబావుకు నీళ్ళు పూర్తిగా తీస్తాయంటోంది నీ లెక్క. ఇద్దరం చూద్దాం. బూట్లేసుకుని రా.'

శుక్రవారం మెర్రిన్ పదింటికే వెళ్ళి నీళ్ళలో నిలబడింది. అప్పటికే అక్కడ డూగల్ ఉన్నాడు.