తెలుగులో ఆమె, హిందీలో నేను

చేవెళ్లలో డిగ్రీ చదువుతున్నప్పుడు మా విద్యార్థి సంఘం నన్ను అఖిల భారత మహాసభలకు ప్రతినిధిగా ఎన్నుకుంది. ఎన్నుకుంది అనడం కొంచెం పెద్దమాట. మా ప్రాంతం నుంచి ఆడపిల్లలు కూడా రావాలని పైనుంచి కబురు వచ్చింది. సమావేశాలకు మానకుండా వచ్చే ఆడపిల్లలం మేమిద్దరమే.

రెండో అమ్మాయిది గుంటూరు వైపు. వాళ్ల నాన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. ఆమె మొయినాబాద్‌లో కొత్తగా వెలిసిన ఇంజనీరింగ్ కాలేజీలో చదివేది. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, పిల్లలు చేరక మూతపడింది. అప్పట్లో మాత్రం మా ఊళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మీద ఏ బస్సెక్కినా మెడలో ఐడీ కార్డుల పిల్లలే. కండక్టరు ఊళ్ల పేర్లు మానేసి కాలేజీల పేర్లతోనే స్టాపులు అరిచేవాడు.

మా బాపు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో తోటపని చేసేవాడు. ప్రయాణం సంగతి చెబితే చేతుల మట్టి కడుక్కుంటూ విన్నాడు.

"గంత దూరం బోయి ఏం జేస్తరు బిడ్డా?"

"దేశంల చదువు ఎట్లుండాల్నో తీర్మానం జేస్తం బాపు."

"మీరు జేస్తే గట్లనే అయితదా?"

"కాదు."

బాపు నవ్వాడు. "సరే, పో. చలి దేశం, రగ్గు వెట్టుకో."

మహాసభలు ఉత్తరాదిన ఒక పట్టణంలో, స్కూలు మైదానంలో వేసిన షామియానాలో జరిగాయి. తరగతి గదుల్లో గడ్డి పరిచి, పైన జంపఖానాలు వేసి పడుకోబెట్టారు. వేదిక మీద ఉపన్యాసాలు హిందీలో సాగేవి, చేతికిచ్చే కాగితాలు ఇంగ్లీషులో ఉండేవి. అందుకని ప్రతి రాష్ట్రం వాళ్లూ తమ అనువాదకుడి చుట్టూ గుంపుగా కూర్చునేవారు. మా రాష్ట్ర కార్యదర్శిని అందరం అన్న అనేవాళ్లం. ఆయన ఇంగ్లీషు ఆమెకు, హిందీ నాకు అప్పగించాడు.

నా హిందీ మొయినాబాద్ సంతలో, ఇరుగుపొరుగు ఇళ్లలో నేర్చింది. భోజనాల దగ్గర వద్దనడానికి "నక్కో" అంటే వడ్డించే అబ్బాయికి అర్థం కాక ఇంకో గరిటె పప్పు పోశాడు. బీదర్ నుంచి వచ్చిన ఇద్దరు మాత్రం ఆ మాట విని, పళ్లేలతో సహా నా పక్కకొచ్చి కూర్చున్నారు. వాళ్లూ అలాగే మాట్లాడేవారు.

మర్నాడు చదువుల మీద తీర్మానం వచ్చింది. ఆమె కాగితం చూసి మాకు తెలుగులో చెబుతూ ఒకచోట ఆగిపోయింది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల అనుమతులన్నీ రద్దు చేయాలని అందులో ఉంది.

"అన్నా, ఇందులో మా కాలేజీ కూడా వస్తుంది కదా. మూసేస్తే మేమెక్కడికి పోవాలి? ఫీజు తగ్గించమందాం, లెక్చరర్లను పెట్టమందాం. నేను మాట్లాడతాను."

"మాట్లాడేటోళ్ల పేర్లు ఇచ్చేసినం చెల్లె. ఇప్పుడెట్ల?"

"రెండు ముక్కలేనన్నా."

అన్న కాసేపు గడ్డం గోక్కుని, లేచి వెళ్లి అధ్యక్షవర్గంతో మాట్లాడి వచ్చాడు. ఆమెను పిలిచారు. ఇంగ్లీషులో మొదలుపెట్టిందో లేదో, వెనక నుంచి "హిందీ, హిందీ" అని కేకలు. ఆమెకు హిందీ చదవడం వచ్చు, మాట్లాడటం రాదు. మైకు పట్టుకుని నా వైపు చూసింది. వెళ్లక తప్పలేదు.

"తెలుగుల చెప్పు, నేను చెప్త" అన్నాను.

ఆమె తెలుగులో చెప్పింది, నేను నా హిందీలో అందుకున్నాను. కాలేజీలు మూయొద్దు, ఫీజులు తగ్గించాలి అని ఆమె అనగానే నా నోట "కాలేజ్ బంద్ నక్కో కరో, ఫీస్ కమ్ కరో" అని వచ్చింది. షామియానా అంతా నవ్వింది. తర్వాత చప్పట్లు కూడా కొట్టారు.

మేం చెప్పినదాన్ని సవరణగా ఓటుకు పెడితే ఓడిపోయింది. మా రాష్ట్రం వరసల్లోనే సగం చేతులు లేవలేదు. అన్న చెయ్యీ లేవలేదు. టీ దగ్గర ఆయనే మా ఇద్దరికీ గ్లాసులు అందించాడు. "మంచిగ జెప్పిన్రు. గని సంఘం లైను గది గాదు."

"మీరెందుకు మాట్లాడనిచ్చారన్నా?" అని ఆమె అడిగింది.

"మాట్లాడనియ్యకుంటె ఇంతదూరం ఎందుకొచ్చినట్టు?"

ఆమె టీ తాగేసి గ్లాసు తిరిగి ఇచ్చింది. రైల్లో తిరుగు ప్రయాణమంతా కిటికీ దగ్గర కూర్చుని పరీక్షకు చదువుకుంది.

తర్వాతి మహాసభల నాటికి ఆమెకు క్యాంపస్ సెలక్షన్లలో ఉద్యోగం వచ్చింది, బెంగళూరులో ట్రైనింగ్. నేను వెళ్లాను. బీదర్ వాళ్లు కనబడి ఆమె ఏదని అడిగారు. నౌకరీ వచ్చిందంటే సంతోషపడ్డారు. కాలేజీల తీర్మానం మళ్లీ వచ్చింది, మాటలు కూడా పెద్దగా మారలేదు. ఎవరూ లేచి మాట్లాడలేదు. చేతులన్నీ లేచాయి, నాదీ లేచింది. ఆమె ఉంటే ఏం చేసేదో అని ఒక్క క్షణం అనిపించింది. అంతలో భోజనాలకు పిలిచారు.

మూడోసారి బీఎడ్ పరీక్షలూ మహాసభలూ ఒకేసారి పడ్డాయి. పరీక్షలు రాశాను. అన్న ఫోన్ చేసి "ఫికర్ జెయ్యకు చెల్లె, మల్లసారి పోదువు" అన్నాడు. ఆ మళ్లీసారి వచ్చేనాటికి చేవెళ్లలో బడి ఉద్యోగం వచ్చింది, మళ్లీ వెళ్లలేదు. ఎక్కడైనా సభలు జరిగినప్పుడు పేపర్లో లోపలి పేజీలో చిన్న ఫోటో వేస్తారు. వరసల మధ్య ఎవరో ఒకరు పక్కవాళ్ల చెవుల్లో తర్జుమా చేస్తూ వంగి కనిపిస్తారు.