దారం చుట్టిన మెట్టె

మొన్నటి వానల్లో మా మనవరాలు కాలేజీ నుంచి తడిసిన బూట్లతో వచ్చి, మేజోళ్ళు విప్పి, కాలు తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నాయనమ్మా, ఇక్కడ ఒకటే దురద" అంది. వేళ్ళు విడదీసి చూస్తే సందుల్లో చర్మం తెల్లగా నాని, పొరలు లేచి, అదో రకం పులిసిన వాసన. నేను వేసిన కేకకు కోడలు వంటింట్లోంచి వచ్చి, "దానికింత గాభరా ఎందుకత్తయ్యా, మందు రాసి పొడిగా ఉంచుకుంటే పోతుంది" అంది. పోతుందని నాకూ తెలుసు. నా భయమంతా ఆ వాసనకి.

ముదిగొండ వైపు పిల్లని, ఎనభైల్లో దుమ్ముగూడెం దగ్గరి ఊరికి కోడలిగా వెళ్ళాను. ఒక పక్క అడవి, ఒక పక్క గోదావరి. వానాకాలం వస్తే ఇంట్లో ఆరిన గుడ్డ దొరికేది కాదు. ఉప్పు డబ్బాలోనే నీరయ్యేది. అగ్గిపెట్టెను మా అత్తగారు చంటిపిల్లను పడుకోబెట్టినట్టు పొయ్యి పక్కనే పెట్టుకునేది. మా బావగారి భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. కూలీలతో సమానంగా మడిలో దిగి నాటు వేసేది. దమ్ము చేసిన మడి కాలిని ఊరికే వదలదు, మెట్టెను ఊడలాగేస్తుంది. నేను కాపురానికి వెళ్ళడానికి ముందటి ఏడు అక్క మెట్టె ఒకటి అలాగే బురదలో పోయిందట. ఆ వెంటనే బావగారు బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారట. అందుకని ఈసారి పసుపు పట్టించిన నూలుదారంతో మెట్టెనూ వేలినీ కలిపి బిగించి చుట్టేసుకుంది. నాట్లన్నాళ్ళూ విప్పలేదు. పసుపుంది కదా, పుండు పడదని ఆమె ధీమా.

పడింది. ముందు దురద, తర్వాత సందులు తెల్లబడి పగలడం. గోరింటాకు నూరి పెట్టింది, కిరసనాయిలు రాసింది, దారం మాత్రం విప్పలేదు. ఆ రోజుల్లోనే బావగారు, నాట్లకు మనుషులను తీసుకొస్తానని పడవెక్కి గోదావరి అవతలి గూడేలకు వెళ్ళారు. వెళ్ళిన సాయంత్రానికే నది పొంగింది. ఇక కబురు లేదు. "ఏ గూడెంలనో ఆగిపోయిండు, వానికేం గాదు" అనేది మా అత్తగారు. అంటూనే మాటిమాటికీ గట్టు మీదికి పోయి చూసి వచ్చేది. ఇంట్లో అక్కకు కాలు వాచింది, చలిజ్వరం పట్టుకుంది. ఒక పొద్దున పాదం నుంచి పిక్క దాకా ఎర్రటి చార పాకి ఉండటం చూసి, అత్తగారు మా ఆయన చేత ట్రాక్టరు తీయించింది.

భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ అక్క కాలి వేళ్ళు విడదీసి చూసింది. "వేళ్ళ మధ్య తడి నిలిస్తే బూజు పడుతుందమ్మా, రొట్టె మీద పట్టినట్టు. అదొక్కటే అయితే తుడిచి ఆరబెట్టుకుని మందు రాస్తే మానేది. పగిలిన చోటు నుంచి వేరే క్రిములు లోపలికి పోయాయి. పైగా నీకు షుగరుంది. ముందీ మెట్టె కోసెయ్యాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది" అంది.

అక్క కాలు లాక్కుంది. "ఆయన నీళ్ళ అవతల ఉన్నడు. ఆయన వచ్చేదాంక మెట్టె తీయనీయ. కాలు పోతే పోనీ." ఆయా పట్టుకోబోతే తన్నింది. మా ఆయన వరండాలోకి వెళ్ళిపోయారు. వదిన మెట్టె కోయమని ఏ మరిది చెబుతాడు? మనిషి మా కళ్ళ ముందే పోయేలా ఉంది.

మా అత్తగారు డాక్టరమ్మ వైపు చెయ్యి చాపింది. "ఆ కట్టరు ఇటియ్యి బిడ్డా." భర్త పోయి మెట్టెలు తీసేసిన మనిషి. ఆమె చెయ్యి ముత్తయిదువ మెట్టెల మీద పడటమే మా ఊళ్ళో తప్పు. మంచం మీద కూర్చుని, అక్క పాదం ఒళ్ళోకి తీసుకుంది. "వాన్ని కన్నది నేను. నేను కోస్తే వానికేం గాదు. ఏమన్న అయితె ఆ పాపం నాది." అక్క ఈసారి కాలు లాక్కోలేదు. దారం కింద వేలు నల్లగా ఉంది, గదంతా ఆ పులిసిన వాసన. ఆ వేలు తీసేశారు. కాలు దక్కింది, మనిషి దక్కింది.

వరద తీశాక కబురొచ్చింది. బావగారి పడవ వెళ్ళిన రోజునే బోల్తా పడింది. కొట్టుకుపోయి బతికి బయటపడ్డ పడవవాడు దారులు తెరిచాక వచ్చి చెప్పాడు. అంటే మెట్టె వేలికి బిగించి ఉండగానే ఆయన పోయారు. అక్క కాలు కుళ్ళబెట్టుకుని కాపాడుకుందామనుకున్న రోజులన్నీ ఆయన లేని రోజులే. అక్కకు ఇది అర్థమైంది. అత్తగారిని ఒక్క మాట అనలేదు, చివరిదాకా తన చేత్తోనే అన్నం పెట్టింది. వానాకాలం వస్తే ఇంట్లో అందరి చేతా వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిపించేది, తడి చెప్పు కనబడితే ఊరు లేచిపోయేలా తిట్టేది.

అర్థం కానిది అత్తగారికే. "పడవ ముందే మునిగిందత్తమ్మా, నువ్వు కోసింది తర్వాత" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. "అవ్ బిడ్డా" అనేది, తన కుడిచేతి వంక చూసుకునేది. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఏ వాన ఎప్పుడు కురిసిందో తడుముకోకుండా చెప్పే మనిషికి ఆ రెండింటిలో ఏది ముందో మాత్రం పోయేదాకా తలకెక్కలేదు. రోజులు వాటి వరసలో అవి వెళ్ళిపోయాయి, ఆమె చేతిలో మాత్రం మెట్టె కోసిన తర్వాతే పడవ మునుగుతూ వచ్చింది.