అమ్మ మూతి వంకరపోయిన ఈస్టరు

మా అమ్మకు లేని రోగాన్ని నేను తెప్పించాను. దానికి నాటు వైద్యం చేయించాను. ఆ వైద్యం కోసం మా నాయన కాలు బెణికేలా చేశాను. చివరకు చర్చి నిండా ఉన్న జనం చేత ప్రార్థన కూడా చేయించబోయాను. ఇంత ఘనకార్యానికి నాకు పట్టిన సరంజామా ఒక కెమెరా, ఎండకు కాగిన బిందెడు నీళ్ళు. సభికులారా, మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అవి తెల్లవాళ్ళు ఏలుతున్న రోజులు. మాది బద్వేలు పక్కన పల్లె. అమ్మానాయనలు కూలికి పోతూ, ఉన్న కాస్త మెట్టచేనులో జొన్నలు పండించుకుని నన్ను కడపలో పంతులు చదువుకు పంపారు. మా బడి దొర సొంత దేశానికి వెళ్ళిపోతూ తన పాత కెమెరాను, ఫోటోలు కడిగే తట్టలను, కాగితం మీద బొమ్మ దింపే చట్రాన్ని నాకు ఇచ్చాడు. బొమ్మ పట్టడానికి మందు పూసిన గాజు ప్లేట్లలో పగలకుండా మిగిలింది ఒకటే. ఈస్టరు సెలవులకు ఊరికి పోయి, దాంతో అమ్మానాయనల ఫోటో తీసి మా యింటి గోడకు తగిలించాలని బయలుదేరాను. అంతవరకు వాళ్ళ మొహాలు ఏ కాగితం మీదా పడలేదు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరినీ ముంగిట్లో నిలబెట్టాను. నాయన అరువు కోటు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, పోలీసులకు దొరికినవాడిలా నిలుచున్నాడు. అమ్మ మటుకు చక్కగా నవ్వింది. నేను నల్లగుడ్డలో తల దూర్చి, దొర కంటే ఎక్కువ దర్పంతో, కదలవద్దని ఇంగ్లీషులో ఆజ్ఞాపించాను. వాళ్ళకు ఇంగ్లీషు రాదు కాబట్టి కదల్లేదో, భయపడి కదల్లేదో నాకు తెలియదు.

తరువాత జొన్నలు పోసుకునే గదిలో తలుపు సందులకు గోనెలు కుక్కి, దీపానికి ఎర్రగుడ్డ చుట్టి, ప్లేటును మందునీళ్ళలో కడిగాను. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. ఇక మంచినీళ్ళలో కడగడమే మిగిలింది. ఆ నీళ్ళు చల్లగా ఉండి తీరాలని దొర మరీ మరీ చెప్పాడు. బావి దూరం. ముంగిట్లో ఎండలో బిందె ఉంది. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాను. చదువుకున్నవాడి తెలివి అలాగే ఉంటుంది మరి.

గాజు మీది మందు పొర మెత్తబడి, గంజి మీద తొరకలా జారడం మొదలుపెట్టింది. నాయన మెడ సాగింది. అమ్మ పెదవుల ఒక కొస చెంప వైపు నడిచింది. సర్దుదామని వేలు పెట్టాను. అది చెవిదాకా పోయింది.

అప్పుడే పారేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఊరంతా ఫోటో కోసం కాచుకుని ఉంది. ప్లేటును ఆరబెట్టి, చట్రంలో దాని కింద కాగితం బిగించి, ఎండలో పెట్టి బొమ్మ దింపాను. నాయన ఆ కాగితాన్ని చూసి మురిసిపోయాడు. ఆయన పొట్టివాడు. ఫోటోలో బారెడు మెడతో అమ్మను మించిపోయాడు. బాగా కుదిరిందని రెండుసార్లు మెచ్చుకున్నాడు. అమ్మ దాన్ని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా మూతి ఇట్లుండాదా రా?" అంది చివరకు.

తప్పు నాదని చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పక్కింటి ఖాసింబీ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె ముందు ఓడిపోవడం నాకు ఇష్టంలేకపోయింది. "కెమెరా ఉన్నది ఉన్నట్టే చూపిస్తుందమ్మా" అన్నాను.

"అద్దంలో సక్కంగానే కనపడతాది గదా."

"అద్దం కుడిఎడమలు తిరగేసి చూపిస్తుంది. దాన్ని నమ్మకూడదు."

అమ్మ చేత్తో మూతి తడుముకుంది. ఖాసింబీ వంగి పరీక్షగా చూసి, తనకు ఏ వంకరా కనిపించడం లేదంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. "పిల్లోడు సదువుకున్నోడు. వానికి తెలీదా?" అంది.

ఆ మాటకు నేను గర్వపడ్డాను. అవును, గర్వపడ్డాను. దాచుకుని ఏం లాభం?

మర్నాటి నుంచి అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని తిరగసాగింది. అది పక్షవాతం మొదలని నాయన తేల్చాడు. నాటువైద్యుడు వచ్చి, ఫోటోనూ అమ్మనూ మార్చి మార్చి చూసి, ఫోటోకే వైద్యం నిర్ణయించాడు. ఏదో వేరు నూరి అమ్మ చెంపకు పట్టు వేశాడు. పావురాయి నెత్తురు రుద్దితే ఇంకా మంచిదన్నాడు. నాయన పాడుబడిన బురుజు మీదికి నిచ్చెన వేశాడు. ఆ నిచ్చెన కింద పట్టుకున్నది నేనే. నాలుక చివరిదాకా నిజం వచ్చింది, మళ్ళీ మింగాను. నాయన పైనుంచి జారి, కాలు బెణికించుకుని, ఒక ఈక చేతపట్టుకుని దిగాడు.

ఈస్టరు పొద్దున చర్చికి పోయాం. ప్రతి ఏడూ మొదటి పాట ఎత్తుకునేది అమ్మే. ఆమె గొంతు లేస్తే తప్ప మా ఊళ్ళో పండుగ వచ్చినట్టు కాదు. ఆ రోజు ఆమె వెనక వరుసలో కొంగు కప్పుకుని తలవంచుకుని కూర్చుంది. పాస్టరయ్య పాట కోసం కాచుకుని, కాచుకుని, ఏమైందని అడిగాడు. నాయన కుంటుతూ లేచి సంగతి చెప్పాడు. అమ్మను ముందుకు రమ్మని, అందరినీ మోకరించమన్నాడు పాస్టరయ్య.

మోకాళ్ళూనిన ఆ జనాన్ని చూసేసరికి ఇక దాచలేకపోయాను. లేచి చెప్పేశాను. అమ్మకు ఏ రోగమూ లేదన్నాను. వేడినీళ్ళకు ప్లేటు మీది మందు జారిందనీ, నా వేలితో దాన్ని ఇంకా చెడగొట్టాననీ అన్నాను.

నాయన నావైపు తిరిగాడు. "నన్ను బురుజెక్కించినప్పుడు నీకీ సంగతి తెలుసునా?"

"తెలుసు నాయనా."

"నిచ్చెన గట్టిగా పట్టుకోనుంటివే."

పాస్టరయ్య అమ్మను కొంగు తీయమన్నాడు. తీసింది. వైద్యుడి పట్టుకు చెంప బొబ్బలెక్కి, పెదవులు ఒక పక్కకు లాక్కుపోయి ఉన్నాయి. నా ఫోటోలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు.

అందరూ ఆమెను చూశారు. నన్ను చూశారు. ముందు వరుసలో ఉన్న ముసలాయన పాపం నామీద జాలిపడ్డాడు. "పోటో సరిగ్గానే ఉండాది. తల్లి మీద పేమకొద్దీ పిల్లోడు అబద్దమాడతాండాడు" అన్నాడు. చర్చి అంతా ఆ మాటను ఒప్పుకుంది. జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క కష్టమైన నిజానికి దక్కిన మర్యాద అది.

అమ్మ ఒక్కతే నన్ను నమ్మింది. ఆ వాచిన మూతితోనే పాట ఎత్తుకుంది. మాటలు పక్కలకు జారిపోయాయి గానీ గొంతు జారలేదు.

ఇంటికి వచ్చి సంగటి పెడుతూ, తలెత్తకుండా అంది: "నా మూతి నాకు తెలీదా రా? నువ్వు చెప్తివని నా చేతిని నేనే నమ్మకపోతి."

తిట్టినా బాగుండేది.

కనుక సభికులారా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇక నా బొందిలో ప్రాణముండగా, మా అమ్మ తన మూతి సంగతి తనే చెబితే తప్ప, ఆమె మొహం గురించి నేను నోరు మెదపను. ఒకవేళ ఎప్పుడైనా మెదిపితే, ఆ వైద్యుణ్ణి పిలిపించి, అదే వేరు నూరించి, రెండు చెంపలకూ నాకే పట్టు వేయించండి.